221(జి) చీటీ తరువాత

అమెరికా వీసా ఇంటర్వ్యూ చివర కాన్సులర్ అధికారి చేతిలో ఒక చీటీ పెడితే, 1952 నాటి వలస, జాతీయతా చట్టంలోని 221(జి) సెక్షన్ కింద దరఖాస్తు ఆగిందని సాధారణంగా అర్థం. స్టాంపింగ్‌కు వెళ్తే 221(జి) పడిందన్న మాటకు తెలుగు ఇళ్లలో ఇప్పుడు వివరణ అక్కర్లేదు. కారణం కాగితాల కొరతే అయితే ఏడాదిలోగా వాటిని అందించాలి. లేకపోతే మళ్లీ ఫీజు కట్టి మొదటికి రావాలి. అసలు చిక్కు రెండో రకంతో, అంటే అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌తో. సున్నితమైన సాంకేతిక రంగాల్లో చదివినవాళ్ల, పనిచేసేవాళ్ల ఫైళ్లు భద్రతా పరిశీలనకు వెళ్లేది ఇందులోనే. దీనికి చట్టం గడువేమీ పెట్టలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే స్టేటస్ ‘రెఫ్యూజ్డ్’ అని కనిపిస్తుంది గానీ, ఫైలు మూసేశారని దానర్థం కాదు.

ఈ ఆలస్యంపై ఫిర్యాదు రాసేముందు ఫైలు ఎవరి దగ్గర ఆగిందో తేల్చుకోవాలి. ఐ-129, ఐ-130, ఐ-140 లాంటి పిటిషన్లు చూసేది అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ (యూఎస్‌సీఐఎస్). వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ కింది కాన్సులేట్. యూఎస్‌సీఐఎస్ జాప్యాల కోసం 2002 చట్టంతో అంబుడ్స్‌మన్ పదవి వచ్చింది, కానీ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ దాని పరిధిలోకి రాదు. గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ రాకపోవడం మరో సంగతి. అది ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల ఏర్పడిన వరుస. దానిమీద ఎన్ని ఫిర్యాదులు పెట్టినా తేదీ ముందుకు జరగదు.

కాన్సులేట్‌కు రాసే లేఖ ఒక్క పేజీ దాటకూడదు. కేసు నంబరు, డీఎస్-160 దరఖాస్తు నంబరు, ఇంటర్వ్యూ తేదీ, అడిగిన కాగితాలు, ఇచ్చిన తేదీలు, అంతకుముందు రాసినవాటికి వచ్చిన జవాబులు వరుసగా ఉండాలి. ఆలస్యం వల్ల జరుగుతున్న నష్టానికి ఆధారం జతచేయాలి: యూనివర్సిటీలో చేరాల్సిన గడువు, కంపెనీ ఇచ్చిన లేఖ. మనవాళ్ల అర్జీల్లో సాధారణంగా కనిపించే బతిమాలుడు ఇక్కడ పనికిరాదు, బెదిరింపు అంతకన్నా పనికిరాదు. వీసా ఇవ్వమని అడగడం కూడా వృథాయే. అది అధికారి విచక్షణ. అడగదగినది ఒక్కటే: ఏదో ఒక నిర్ణయం తీసుకోండి. ప్రతి లేఖలోనూ తేదీలు, ఉద్యోగ వివరాలు డీఎస్-160తో సరిపోలాలి, తేడా వస్తే కొత్త ప్రశ్న మొదలవుతుంది. పరిశీలన ఇంకా సాగుతోందన్న అచ్చుజవాబే వచ్చినా దాన్ని దాచుకోవాలి. కోర్టుదాకా వెళ్తే అదే సాక్ష్యం. ఫిర్యాదు చేస్తే పగబడతారన్న భయం చాలామందిలో ఉంది. వీసా నిరాకరణకు చట్టం చెప్పిన కారణాల్లో ఫిర్యాదు లేదు.

తరువాతి మెట్టు అమెరికా కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయం. హైదరాబాద్‌లోని దరఖాస్తుదారుడు ఆ సభ్యుడి నియోజకవర్గ వాసి కాడు. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న జీవిత భాగస్వామి, లేదా యజమాని కంపెనీ అడగాలి. దరఖాస్తుదారుడు సంతకం చేసిన గోప్యతా సమ్మతి పత్రం ఇస్తే కేస్‌వర్కర్ కాన్సులేట్‌ను వాకబు చేస్తారు. తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే సిఫారసు లేఖ లాంటిది కాదిది. స్టేటస్ అడిగే అధికారమే తప్ప ఆదేశించే అధికారం వారికి లేదు. అయినా జవాబు చెప్పాల్సిన జాబితాలోకి ఫైలు ఎక్కుతుంది, దానికా విలువ ఉంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు సభ్యుల్ని ఆశ్రయిస్తే పని రెట్టింపు కాదు, గందరగోళం మాత్రం అవుతుంది.

ఆఖరిది మాండమస్ దావా. ప్రభుత్వ సంస్థలు తమ ముందున్న పనిని సమంజసమైన సమయంలో ముగించాలని 1946 నాటి పరిపాలనా ప్రక్రియ చట్టం చెబుతుంది. ఆ ఆధారంతో ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేస్తారు. ప్రభుత్వం 60 రోజుల్లో జవాబివ్వాలి, కొన్ని కేసుల్లో ఆలోపే ఫైలు కదులుతుంది. కదలకపోతే, టెలికాం వివాదం ఒకదానిలో 1984లో రూపుదిద్దుకున్న ట్రాక్ కొలమానాలతో కోర్టు ఆలస్యాన్ని తూస్తుంది. రెండు మూడేళ్ల జాప్యమూ అసమంజసం కాదన్న తీర్పులు చాలానే ఉన్నాయి. పైగా 221(జి) తిరస్కరణే ఒక నిర్ణయం కాబట్టి ఆలస్యమన్నదే లేదని ప్రభుత్వం వాదిస్తుంది. 2024లో కరిమోవా కేసులో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టు ఆ వాదనవైపే మొగ్గింది. దరఖాస్తుదారుడికి మాత్రం పరిశీలన ఇంకా సాగుతోందని చెప్పి, జడ్జి ముందు అంతా అయిపోయిందనడం న్యాయంగా తోచదు. అయినా దావా వేసేవాళ్లు ఆ వాదనకు సిద్ధపడే వెళ్లాలి.

దావా నెగ్గినా వచ్చేది నిర్ణయమే, వీసా కాకపోవచ్చు. కాన్సులర్ అధికారి కాదన్నదాన్ని అమెరికా కోర్టులు దాదాపుగా తిరగదోడవు. 2024లోనే మున్యోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని నిలబెట్టింది. అప్పుడు చాలామందికి మిగిలేది కొత్త ఫారం, కొత్త ఫీజు, మరో ఇంటర్వ్యూ.