మాయ ఎక్కడ ఆగుతుంది? – ఒక ముందుమాట

కథానాయకుల మీద మనకు పుస్తకాలకు కొదవలేదు. ప్రతినాయకుణ్ణి పట్టుకుని, అందులోనూ మంత్రతంత్రాల మాయావిని పట్టుకుని, వాడి శక్తులేమిటి, స్వభావమేమిటి, తెర మీద ఎట్లా కనబడ్డాడు అని మొదటినుంచి చివరిదాకా విచారించిన పుస్తకం తెలుగులో అరుదు. ఈ పుస్తక రచయిత్రి, మన వనపర్తి బిడ్డ, ఆ పనికి పూనుకుంది. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు, ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడు, ‘అరుంధతి’లోని పశుపతి – ఈ ముగ్గురినీ ఒక్క వరసలో నిలబెట్టి చూసింది. ఈ పుస్తకానికి నాలుగు మాటలు రాయమని అడిగినందుకు నాకు సంతోషం. ఇది మన ప్రాంతం నుంచే రావలసిన పుస్తకం గనుక ఆ సంతోషం రెట్టింపయింది.

మన ప్రాంతం అని ఎందుకంటున్నానో చెప్తాను. బాలనాగమ్మ పుట్టిన ఊరు కథలో పానుగల్లు. ఆ పేరున్న ఊళ్ళు తెలంగాణలో ఒకటికి మించి ఉన్నాయి, నల్లగొండ పక్కనా ఒకటుంది. కానీ వనపర్తి, కొల్లాపురం, నాగర్‌కర్నూలు వైపు కథ వింటూ పెరిగినవాళ్ళకు పానుగల్లు అంటే మన పానగల్ ఖిల్లాయే. గుట్ట మీది ఆ బురుజులు చూస్తూ పెరిగిన పిల్లలకు బాలనాగమ్మ తండ్రి నవభోజరాజు కోట ఎట్లుంటుందో ఇంకెవరూ చెప్పనక్కర లేదు. ఇక ‘అరుంధతి’ కథ జరిగేది గద్వాల సంస్థానంలోనని సినిమాయే చెప్తుంది. ఇట్లా తెలుగువాళ్ళను బాగా భయపెట్టిన మాయావుల్లో ఇద్దరికి కృష్ణ ఒడ్డున, మన గడ్డ మీద చిరునామా ఉంది. ఈ సంగతి మీద ఇంత శ్రద్ధగా కూర్చున్నవాళ్ళు ఇదివరకు లేరు.

మొదటి భాగం ఫకీరుది. వాడి శక్తులను రచయిత్రి ఒక్కొక్కటిగా పేర్చిన తీరు నాకు నచ్చింది. భిక్షకుని వేషంలో గడపలోకి వస్తాడు. ఉయ్యాలలో బిడ్డను వదిలి భిక్ష వేయవచ్చిన బాలనాగమ్మను కుక్కను చేసి వెంట తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన ఆమె భర్త కార్యవర్ధిరాజును, అతని బలగాన్ని రాళ్ళు చేస్తాడు. తన ప్రాణాన్ని మాత్రం ఒంట్లో ఉంచుకోడు. ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచుకుంటాడు. ఆ చిలుక కాలు విరిస్తే వీడి కాలు విరుగుతుంది, రెక్క తుంచితే వీడి చెయ్యి ఊడుతుంది.

ఈ చిలుక ఎంత దూరం ఎగిరిందో చూపించిన పేజీలు ఈ పుస్తకానికి అలంకారం. బొంబాయి గవర్నరు కూతురు మేరీ ఫ్రియర్, తన దగ్గర ఆయాగా ఉన్న అన్నా లిబరేటా డిసౌజా చెప్పిన కథలు విని 1868లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అనే పుస్తకం వేసింది. అందులో పంచ్‌కిన్ అనే మాంత్రికుడున్నాడు. మన కథలోలాగే అక్కడా ఏడుగురు రాజకుమార్తెలు, చివరి పిల్ల పేరు బాల్నా. అక్కడా భర్త రాయైపోతాడు, పన్నెండేళ్ళ చెర, ప్రాణం పచ్చని చిలుకలో, కొడుకు వెళ్ళి ఆ చిలుకను పట్టి తేవడం. మన కథే ఇంకో నోట వినపడినట్టుంటుంది. మనిషి ప్రాణం ఒంటి బయట ఉండడమనే నమ్మకాన్ని వివరిస్తూ జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లో ఈ పంచ్‌కిన్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. రష్యా కథల్లోని చావులేని కొష్చెయి తన మృత్యువును సూదిలో పెట్టి, సూదిని గుడ్డులో, గుడ్డును బాతులో, బాతును కుందేలులో దాచుకున్నాడు. హారీ పాటర్ కథల్లో వోల్డ్‌మార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాచాడు. మన పల్లెటూరి రచ్చబండ మీద పుట్టిందనుకున్న ఊహ లోకమంతటిదీ అని తెలిసినప్పుడు చదువరికి గర్వం కలగడం సహజం. రచయిత్రి ఆ గర్వం దగ్గర ఆగిపోలేదు. ప్రాణం బయట దాచుకున్నవాడు ఎన్నటికీ నిశ్చింతగా నిద్రపోలేడని, వాడి క్రూరత్వం వెనక ఎప్పుడూ ఆ భయమే కాపలా కాస్తుందని ఆమె చేసిన వ్యాఖ్య ఫకీరు స్వభావానికి అసలైన తాళంచెవి.

బయలాటలో ఫకీరు ప్రవేశాన్ని వర్ణించిన ఘట్టం చదువుతుంటే నాకు ఒక బయలాట రాత్రి కళ్ళముందు నిలిచింది. రాజూ, రాణీ, మంత్రీ అందరూ తెర వెనక నుంచి దరువు మీద అడుగేస్తూ వస్తారు. ఫకీరు వేషగాడు మాత్రం జనం వెనక నుంచి, చీకట్లోంచి వస్తాడు. హార్మోనియం ఆగిపోతుంది. మద్దెల ఒక్కటే, విడివిడిగా, ఒక్కో దెబ్బ. ముందు చాపల మీద కూచున్న పిల్లలకు వెనక ఏదో కదిలినట్టు తెలుస్తుంది గాని తిరిగి చూసే ధైర్యం ఉండదు. వాడు పిల్లల మధ్యనుంచే దారి చేసుకుని, భుజాలకు జోలె తగిలేంత దగ్గరగా నడిచి రంగస్థలం చేరతాడు. ఈ వేషం కట్టిన ఒక పెద్దమనిషి, “ఫకీరుకు అరవనక్కర లేదు బిడ్డా, మెల్లగ మాట్లాడితెనే జనం జడుస్తరు” అన్న మాటను రచయిత్రి ఉన్నదున్నట్టు రాసింది. నటన గురించి పెద్ద పెద్ద గ్రంథాలు చెప్పేది ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఆ మెల్లని మాట సినిమాలోకి ఎట్లా వచ్చిందో తరువాతి అధ్యాయం చెప్తుంది. 1942లో జెమినీ సంస్థ తీసిన ‘బాలనాగమ్మ’కు సి. పుల్లయ్య దర్శకుడు, బలిజేపల్లి లక్ష్మీకాంతం రచయిత. కాంచనమాల బాలనాగమ్మ, బందా కనకలింగేశ్వరరావు కార్యవర్ధి, పుష్పవల్లి మాంత్రికుడి ప్రియురాలు సంగు. ఈ సినిమాలో ఫకీరు పేరు మాయల మరాఠీ, ఆ వేషం గోవిందరాజుల సుబ్బారావుది. ‘మాలపిల్ల’లో ఆచారపరుడైన సుందరరామశాస్త్రిగా నటించిన మనిషే నాలుగేళ్ళకు ఈ మాంత్రికుడయ్యాడంటే ఆయన ఎంతటి నటుడో తెలుస్తుంది. 1954లో జెమినీ అధినేత వాసన్ ఇదే కథను మధుబాలతో ‘బహుత్ దిన్ హువే’ పేరిట హిందీలో తీశాడు. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో మళ్ళీ తెలుగులో వచ్చినప్పుడు ఆ వేషం ఎస్.వి. రంగారావుకు దక్కింది. ఊరూరా తిరిగే సురభి నాటక సమాజాలు మంటలు రేపి, మనుషులను మాయం చేసి ఈ కథను ప్రదర్శించిన వైనం కూడా ఇక్కడే చేరడం బాగుంది. సినిమా మాయకు ముందే రంగస్థలం మీద ఆ మాయ జరిగిందని పిల్లలకు తెలియాలి.

ఇక పుస్తకానికి ప్రాణమైన మాట దగ్గరికి వస్తాను. మాయావికి ఎన్ని శక్తులున్నాయో చెప్పడం కథకుడికి తేలిక. నోటికొచ్చినన్ని ఇవ్వచ్చు. ఆ శక్తి ఎక్కడ ఆగుతుందో చెప్పడంలో కథకుడి బుద్ధి తెలుస్తుంది. ఫకీరు సైన్యాన్ని శిలలు చేయగలడు. కానీ బాలనాగమ్మ నోము పట్టానని, అది ముగిసేదాకా తనను తాకరాదని చెప్తే ఏళ్ళ తరబడి కాచుకుని కూచుంటాడు. రాజ్యాలు కదిలించే మంత్రం ఆమె మనసును కదిలించదు. కదలదని వాడికి తెలుసు. ఆ నిరీక్షణలోనే వాడి ఓటమి ఉంది. పేరులేని మన కథకులు, తరతరాల కిందట, ఆడమనిషి ఇష్టానికి మించిన మంత్రం లేదని తీర్పు చెప్పి కూచున్నారు. రచయిత్రి ఈ సూత్రాన్ని పట్టుకుని మిగతా ఇద్దరినీ పరీక్షించింది.

నేపాళ మాంత్రికుడు ఈ పరీక్షకు చక్కగా నిలిచాడు. 1951లో విజయా సంస్థ తీసిన ‘పాతాళభైరవి’లో కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్‌ట్లే కెమెరా, రంగారావు వాచికం కలిసి ఆ పాత్రను నిలబెట్టాయి. ఇతని శక్తి అరువు శక్తి. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తే గాని భైరవి పలకదు. అంటే తనకు లేని ధైర్యాన్ని ఇంకొకరి దగ్గర తెచ్చుకోవాలి. అంతటి జిత్తులమారి చివరికి రాకుమారి మెప్పు కోసం గడ్డం తీయించుకునే దశకు వస్తాడు, పతనం అక్కడే మొదలవుతుంది. ఇక్కడా మంత్రం మనసు ముంగిట ఆగిపోయింది.

మూడోవాడు పశుపతి. 2009 సంక్రాంతికి వచ్చిన ‘అరుంధతి’కి కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాత. సోనూ సూద్ దేహానికి పి. రవిశంకర్ గొంతు తోడై ఆ పాత్ర జనం చెవుల్లో నిలిచిపోయింది. పశుపతి పుట్టుకతో మాంత్రికుడు కాడు. రాజకుటుంబానికి అల్లుడు. అంధురాలైన నాట్యగురువును చెరిచి చంపినా అడిగేవాడు లేడన్న మదం వాడిది. దెబ్బలు తిని అఘోరాల చేతుల్లో పడి క్షుద్రవిద్యలు నేర్చాక దూరాన ఉండే వస్తువులను కదిలించడం, మనుషులను బొమ్మల్లా ఆడించడం, పిలుపుతోనే వణికించడం వచ్చాయి. వాడిని చంపితే ప్రేతమై ఇంకా విజృంభిస్తాడని అరుంధతి సజీవసమాధి చేయించింది. మరుజన్మలో వాణ్ణి తుదముట్టించే ఆయుధం కోసం దధీచి వలె తన ఎముకలనే ఇచ్చింది.

ఇక్కడ రచయిత్రి చేసిన పోలిక చూసి నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచనలో పడ్డాను. ఫకీరు బయటి నుంచి వస్తాడు, పశుపతి ఇంట్లోనే ఉంటాడు. కోట కట్టుకుని బతికిన జనానికి గడప దగ్గరి కొత్తవాడి భయం సహజం. పదిహేనో శతాబ్దం మొదట్లో ఫిరోజ్ షా బహమనీ పానగల్ ముట్టడి చరిత్రలో ఉన్నదే. కానీ సంస్థానాలు, దొరతనాలు నడిచిన నేల మీద ఇంకో భయం కూడా ఉంది. అధికారం ఉన్న ఇంట్లో పుట్టినవాడిని, ఆ ఇంటికి అల్లుడైనవాడిని ఎవరు అడగగలరన్న భయం. ఆ భయాన్ని తెర మీద పెట్టినందుకే పశుపతి అంత కలవరపెట్టాడని ఆమె అన్నది. నేను ఒప్పుకుంటాను. ఇంకొక మార్పు కూడా ఆమె చూపించింది. 1942లో మాంత్రికుణ్ణి చంపింది బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి. 1951లో ‘పాతాళభైరవి’ కథానాయకుడు తోటరాముడు. 2009కి వచ్చేసరికి ఆయుధం అరుంధతి చేతిలోనే ఉంది.

ఫకీరు, మరాఠీ అన్న పేర్ల విషయంలో ఆమె చూపిన సంయమనానికి ప్రత్యేకంగా అభినందనలు. పాత కథలోని పేరును అడ్డం పెట్టుకుని ఒక మతాన్నో, ఒక ప్రాంతాన్నో దుష్టుల గుంపులో కలపడం తప్పని ముందే చెప్పింది. పీర్ల పండుగకు ఊరంతా కలిసి అలాయి చుట్టూ ఆడే మన పాలమూరులో ఆ మాట చెప్పే హక్కు ఆమెకుంది. పైగా ‘అరుంధతి’లో కథానాయికకు అండగా నిలిచినవాడు సాయాజీ షిండే వేసిన అన్వర్ అనే ఫకీరేనని గుర్తు చేసింది. అరవై ఏడేళ్ళలో ఫకీరు అటునుంచి ఇటు వచ్చాడు.

గద్వాలవాడిగా నాదొక మాట. మా కోట చూడవచ్చేవాళ్ళలో కొందరు పశుపతి సమాధి ఎక్కడని అడుగుతుంటారు. ఆ సంస్థానకథ కల్పన. సినిమాలో చూసిన బంగళా బనగానపల్లె దగ్గరిది. చరిత్రలోని గద్వాల పెద సోమభూపాలుడు కట్టించిన కోటది, కవిపండితులను ఆదరించి విద్వద్గద్వాల అనిపించుకున్నది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలినది. ఆమె పేరుతో ఇప్పుడు ఆ కోటలోనే డిగ్రీ కాలేజీ నడుస్తున్నది. ఈ తేడాను అధ్యాయం మొదట్లోనే స్పష్టంగా రాసినందుకు రచయిత్రికి మా ఊరి తరఫున కృతజ్ఞతలు.

పుస్తకం చివర పానగల్ ఖిల్లాలో జరిగినట్టు ఆమె గీసిన బొమ్మల కథ మరో కానుక. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళకు చిత్రా గీసిన మాంత్రికులను చూసి పెరిగిన తరానికి ఈ గీతల్లో ఆ చుట్టరికం కనబడుతుంది. అయినా ఈ రాళ్ళు, ఈ సీతాఫలం పొదలు, గుట్టకింది చెరువు మన వనపర్తివే.

మలి ముద్రణకు ఒక్క సూచన. మన పాలమూరు ప్రాంతంలో బాలనాగమ్మ కథ చెప్పగల బుడగజంగాలు, బయలాట కళాకారులు ఇంకా ఉన్నారు, అయితే వాళ్ళకు వయసు మీద పడుతున్నది. ఒక్కొక్కరి కథనంలో ఒక్కో తేడా ఉంటుంది. ఆ తేడాలన్నీ రికార్డు చేసి అనుబంధంగా చేర్చాలి. రాజుల జాబితా పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలతో చరిత్ర రాసి చూపిన సురవరం ప్రతాపరెడ్డి మన గద్వాల సీమవాడే. ఆ బాటలో నడిచే పని ఇది.

ఈ పుస్తకం మన బళ్ళ గ్రంథాలయాల్లోకి చేరాలి. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదవాలి. ఎంత శక్తిమంతుడికైనా ఎదుటి మనిషి ఇష్టమనే హద్దు ఉందని మన కథలు ఎంతో ముందే చెప్పాయని వాళ్ళు తెలుసుకోవాలి. ఇంత మంచి పని చేసిన ఈ వనపర్తి బిడ్డ ఇంకా చాలా రాయాలని, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా దీవిస్తున్నాను.