గంట, గాలి, కెరటం

1885 నవంబరు 27. ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో ఎత్రెతా అనే చిన్న ఊరు. అక్కడ మాన్‌పోర్త్ అనే పెద్ద సుద్దరాతి తోరణం కింద చిత్రకారుడు క్లోద్ మోనే ఈజిల్ నిలబెట్టుకుని సముద్రాన్ని వేస్తున్నాడు. నీరు తీసే వేళ అనుకున్నాడు. ఆటుపోట్ల పట్టీ చూసుకోవడంలో పొరబడ్డాడు. నిజానికి అది పోటెక్కే వేళ. ఉన్నట్టుండి ఓ పెద్ద కెరటం వచ్చి ఆయన్ని కొండగోడకేసి కొట్టి, లోపలికి ఈడ్చింది. కాళ్లూ చేతులూ ఆనించి పాకుతూ ఎలాగో బయటపడ్డాడు. చేతిలోని రంగుల పలక ముఖానికి తగిలి గడ్డమంతా నీలం, పసుపు. తర్వాతి కాలంలో భార్య అయిన ఆలీస్‌కి ఈ సంగతంతా ఉత్తరం రాశాడు. అందులో ఆయన బాధంతా ఈజిల్‌తో, సంచితో పాటు ముక్కలైపోయిన బొమ్మ గురించే.

మన తీరం చూసి పెరిగినవాళ్లకు ఆ ప్రమాదం తీవ్రత వెంటనే అందదు. విశాఖలో ఆటుకీ పోటుకీ నడుమ నీటిమట్టం తేడా రెండు మీటర్ల లోపే. ఎత్రెతా వైపు పెద్ద పోటు రోజుల్లో అది ఏడెనిమిది మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున్న నడిచి వెళ్లిన గులకరాళ్ల నేల మధ్యాహ్నానికి నీటి అడుగున ఉంటుంది. ఆ తోరణం కిందకు చేరడమే కష్టం, చేరాక నిలవడం ఇంకా కష్టం. కొండ మీంచో హోటలు కిటికీలోంచో చూసి వేయగలిగిన మనిషి అంత కిందకు ఎందుకు దిగాడు?

జవాబు ఆయన గురువు దగ్గర దొరుకుతుంది. ఉజేన్ బూదాఁ అదే తీరంలో ఓన్‌ఫ్లూర్ రేవులో 1824లో పుట్టిన నావికుడి కొడుకు. మోనే ల హావ్ర్‌లో పెరుగుతూ, ఊళ్లో పెద్దమనుషుల వ్యంగ్యచిత్రాలు గీసి అమ్ముకుంటున్న రోజుల్లో ఆయన పరిచయమయ్యాడు. మొదట్లో ఆ కుర్రాడికి బూదాఁ సముద్రాలు నచ్చనే లేదు. ఓ రోజు ఆరుబయట పక్కన కూర్చుని ఆయన పని చేస్తుంటే చూశాక మనసు మారింది. తాను చిత్రకారుణ్ణయింది ఆయన వల్లేనని ముసలితనంలో కూడా చెప్పుకున్నాడు. బూదాఁకి ఓ అలవాటుండేది. మేఘాలనూ నీటినీ పాస్టెల్‌తో వేసుకున్న చిన్న చిన్న కాగితాల మీద తేదీ, గంట, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో రాసుకునేవాడు. 1859లో వాటిని చూసిన కవి బోద్‌లేర్ అబ్బురపడి, పైన రాసింది మూసేసినా ఆ మేఘాలను చూసి వేళనూ గాలినీ పోల్చుకోవచ్చన్నాడు.

మోనే బాట అయిన ఇంప్రెషనిజం అంటే మసకమసకగా పూసెయ్యడం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1874లో పారిస్ ప్రదర్శనలో మోనే వేసిన ల హావ్ర్ రేవు సూర్యోదయాన్ని చూసి విమర్శకుడు లూయీ లెరువా అదే అన్నాడు. గోడకంటించే కాగితం నమూనా కూడా దీనికంటే పూర్తయినట్టుంటుందని ఎద్దేవా చేశాడు. అతను పొరబడ్డాడు. ఆ కుంచె వేగంలో అజాగ్రత్త లేదు. పది నిమిషాల్లో మారిపోయే వెలుగును ఆ పది నిమిషాల్లోనే పట్టుకోవాలన్న పట్టుదల ఉంది. తగరపు ట్యూబుల్లో రంగులు 1841 నుంచి దొరకబట్టి ఆ పని ఒడ్డున సాధ్యమైంది. అంతకు ముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టుకుని తిరగాల్సి వచ్చేది.

ఎత్రెతాలో మోనే వెంట నడిచిన రచయిత మొపాసా ఆ పని తీరును కళ్లకు కట్టాడు. వెనక పిల్లలు అయిదారు కాన్వాసులు మోస్తూ వస్తుంటారు. అన్నిటి మీదా ఒకటే దృశ్యం, వేళలు వేరు. ఆకాశం మారగానే ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి అందుకుంటాడు. వేటగాడు పొంచి ఉన్నట్టు ఎండ కోసం, నీడ కోసం కాచుకుంటాడు. అన్నీ ఒడ్డునే పూర్తయ్యాయనీ కాదు. చాలా వాటిని ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి సరిదిద్దాడు. ఆ మాట దాచడం అనవసరం. ఒడ్డున కాచుకున్న గంటలు లేకపోతే ఇంట్లో సరిదిద్దడానికి ఏమీ ఉండేది కాదు.

సొంత తీరం నేర్పిన విద్యకీ ఓ హద్దుంది. 1886 శరత్తులో అట్లాంటిక్‌లోని బెల్ ఈల్ దీవికి వెళ్లినప్పుడు మోనేకి అది తెలిసొచ్చింది. ఇంగ్లీషు చానెల్ నీటిని వేసి వేసి చేయి తిరిగినవాడే. ఆ నల్లరాళ్ల ముందు, ఆ అడుగులేని నీలం ముందు పాత పద్ధతేదీ పనికిరాలేదని ఉత్తరాల్లో వాపోయాడు. రెండు వారాలని బయల్దేరినవాడు రెండు నెలలకు పైగా ఉండిపోయాడు. గాలికి ఈజిల్ ఎగిరిపోకుండా తాళ్లతో కట్టుకుని, వానలో తడుస్తూ దాదాపు నలభై బొమ్మలు వేశాడు. నలభై అయిదేళ్ల వయసులో, పేరొచ్చాక, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆయన మీద అన్నిటికంటే ఎక్కువ గౌరవం కలిగేది ఇక్కడే.

లండన్ నేషనల్ గ్యాలరీలో ‘త్రూవీల్ బీచి’ అని చిన్న బొమ్మ ఉంది. 1870లో మోనే, పెళ్లైన కొత్తలో మొదటి భార్య కామీయ్‌ను ఇసుకలో కూర్చోబెట్టి వేసింది. దాని రంగులో ఇసుక రేణువులూ గవ్వల నలుసులూ చిక్కుకుని ఉన్నాయి. ఆ రోజు గాలి తెచ్చి తడి రంగు మీద వేసినవి, నూటయాభై ఏళ్లు దాటినా రాలలేదు.

విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, ఎత్రెతాలో సముద్రం వైపు దిగుతాడు. అలా దిగుతున్న సూర్యుణ్ణి మోనే 1883లో వేసిన బొమ్మ అమెరికాలోని నార్త్ కరోలినా మ్యూజియంలో ఉంది. టెక్సస్‌కి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞులు కొందరు ఎత్రెతా ఒడ్డుకు వెళ్లి, ఆయన నిలబడ్డ చోటు వెతికి పట్టుకున్నారు. బొమ్మలో సూదిలా నిలిచిన కొండకు సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో కొలిచారు. ఆటుపోట్లు, వాతావరణ రికార్డులు, ఆయన ఉత్తరాలు సరిపోల్చి లెక్క తేల్చారు. 1883 ఫిబ్రవరి 5, సాయంత్రం 4 గంటల 53 నిమిషాలు.