ఫాన్ బ్రోడీ రచించిన జోసెఫ్ స్మిత్తు చరిత్రము

మార్మనుమతమును 1830లో స్థాపించిన జోసెఫ్ స్మిత్తు, 1844 ఏప్రిలునెలలో ఇల్లినాయ్ రాష్ట్రపు నావూ పట్టణమున నుపన్యసించుచుఁ దన చరిత్ర మెవ్వరికిని దెలియదని చెప్పెను. మూఁడునెలలైనఁ గడవకమున్నే కార్థేజి చెఱసాలలో నల్లరిమూఁక యాతనిఁ గాల్చి చంపెను. ఆ మాటనే పేరుగాఁ గైకొని ఫాన్ బ్రోడీ 1945లో నాతని జీవితచరిత్రమును బ్రకటించెను. ఈమె యూటాలో మార్మనుకుటుంబమునఁ బుట్టినది. ఈమె పెదతండ్రి డేవిడ్ మెకే 1951లో నా సంఘమున కధ్యక్షుఁ డయ్యెను. 1946లో సంఘ మీమెను వెలివేసినది. వెలివేయఁబడినది కావున సత్యవాదిని యనుటయు, వెలివేసినవారు పెద్దలు కావున నసత్యవాదిని యనుటయు విమర్శము గాదు.

గ్రంథబలము పత్రపరిశీలనమునం దున్నది. భూమిలోని నిధులను రాతిలోఁ జూచి చెప్పెదనని జనులను వంచించెనను నేరముపై స్మిత్తు 1826లో న్యూయార్కు రాష్ట్రమున న్యాయాధికారి యెదుట నిలిచెనను వృత్తాంతమును బ్రోడీ స్వీకరించెను. మూలపత్రము లేదని సంఘపక్షమువారు దానిని ద్రోసివేసిరి. 1971లో నా న్యాయాధికారి వ్రాసికొన్న ఖర్చులపట్టీ నార్విచ్ పట్టణపుఁ జెఱసాలలో దొరకినది. అందు స్మిత్తుపేరు, గాజులోఁ జూచువాఁడను విశేషణము, 2 డాలర్ల 68 సెంట్ల రుసుము నున్నవి.

పత్రమున్నచోట నింత జాగరూకత గల రచయిత్రి, పత్రము లేనిచోటఁ దొందరపడినది. స్మిత్తునకు బాల్యమునఁ గలిగినదనెడి దేవదర్శనము తొలినాళ్ల లేఖలలోఁ గానరాకుండుటచేఁ దరువాతఁ బుట్టిన కల్పన కావచ్చునని యూహించెను. 1965లో వెలికివచ్చిన 1832నాఁటి లేఖనమున, కొంతభాగము స్మిత్తు చేతివ్రాఁతనే, ఆ దర్శనము వర్ణింపఁబడి యున్నది. ఐనను అందుఁ గనఁబడినవాఁడు ప్రభువొక్కఁడు; 1838నాఁటి వృత్తాంతమున నిద్దఱు. బ్రోడీ వేసిన ప్రశ్న నిలిచినది. చెప్పిన సమాధానమే నిలువలేదు.

ఇంతకన్నఁ దగనిది మఱియొకటి. ఛాయాచిత్రమునందలి ముఖసామ్యమునుబట్టి యోలివర్ బ్యూయెల్ అనునతఁడు స్మిత్తు కుమారుఁడని యీమె మొగ్గినది. అనంతరకాలపు జన్యుపరీక్ష దానిని గాదనెను. స్మిత్తు మొదట నెఱిఁగియే వంచించి, క్రమముగాఁ దన మాటను దానే నమ్మెనను సిద్ధాంతమును ఈ రీతిదే: చదువుటకు రమ్యము, కాని యాతని యంతరంగమునకు సాక్షులేరీ? హ్యూ నిబ్లీ 1946నాఁటి చిన్నపొత్తమున నీ లోపమునే పట్టెను. పరిహాసమున దిగి తన పనిఁ దానే చెఱచుకొనెను.

1971నాఁటి ముద్రణమున రచయిత్రి యనుబంధముఁ జేర్చి, 1832నాఁటి లేఖనమును జర్చించెను. ఈ చరిత్రమును జదువఁదలఁచువా రా ముద్రణమునే చేకొనుట మేలు. అందును ముందుగా ననుబంధమును జదివి, పిదప దర్శనమునుగూర్చిన ప్రకరణమునకు రావలెను.