చేతి కొలత తెలిసిన టీచరు

బెంగళూరు కె.ఆర్.పురం వైపు మురికివాడల్లో, రాయలసీమ నుంచి, ఉత్తర కర్ణాటక నుంచి కూలికి వచ్చిన కుటుంబాల పిల్లలకు పెద్ద అండ అంగన్‌వాడీ టీచరు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరేళ్లలోపు పిల్లలనూ గర్భిణులనూ బాలింతలనూ ఆమెకు అప్పగించింది. ఆమె పనితనం చూడాలంటే బిడ్డ చేయి కొలిచేటప్పుడే చూడాలి. ఏడ్చే పిల్లను మాటల్లో పెట్టి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ పట్టీ చుడుతుంది, బిగించకూడదు, వదులుగా ఉంచకూడదు. ఆరు నెలలు దాటి అయిదేళ్లు నిండని బిడ్డకు 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే అది తీవ్రమైన పోషణ లోపం, వెంటనే వైద్య పరీక్షకు పంపాలి. తెలుగు తప్ప రాని పసివాడికి కన్నడ పాట నేర్పేదీ ఆమే. పిల్లల తిండికి దాతలు ఏమిచ్చినా బిడ్డ నోటిదాకా చేర్చేది ఈ చేతులే. ఇంత నేర్పుకు దక్కేది గౌరవ వేతనమే; అది న్యాయం కాదు.