గుంటూరులో కనబడిన గీత

వారం వారం సైన్సు రాసేవాళ్లకు ‘కనుగొన్నారు’ అన్నది ఊతపదం. నేనూ ఒకసారి రాసేశాను, 1868లో గుంటూరులో హీలియం కనుగొన్నారని. మా జిల్లా కదా, రెండు గరిటెలు గర్వం కూడా వడ్డించాను. రిటైరైన ఫిజిక్సు మాస్టారొకరు పోస్టుకార్డు రాశారు: “బాబూ, జాన్సెన్ ఆ మాట ఎప్పుడన్నాడు?”

అనలేదు. ఆ ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని, సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో మెరిసే గీతలు చూశాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. ఆయన సంబరమంతా ఆ పద్ధతి దొరికినందుకే. ఆ జ్వాలల పసుపు గీత సోడియం గీతల పక్కనే ఉంది కానీ వాటి మీద పడటం లేదని పట్టించుకుని వెంటపడినవాడు ఇంగ్లండులో నార్మన్ లాకియర్. భూమ్మీద ఏదీ ఆ గీతనివ్వదు కాబట్టి అది కొత్త మూలకమే అన్నారు, హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి తీసిన వాయువులో అదే గీత కనబడింది.

ఇక్కడ ఆపేస్తే చక్కటి కథే. నన్ను కుదురుగా ఉండనివ్వనిది దీని తోబుట్టువు. 1869 గ్రహణంలో అమెరికాలో సూర్యుడి కరోనాలో ఒక ఆకుపచ్చ గీత కనబడింది. అదీ భూమ్మీద దేనికీ సరిపోలేదు. అదే తర్కంతో దాని వెనకా కొత్త మూలకం ఉందని ‘కరోనియం’ అన్నారు. ఏడు దశాబ్దాల తర్వాత తేలిందేమిటంటే, అది ఇనుము. మన కిటికీ ఊచల్లోని ఇనుమే, పది లక్షల డిగ్రీలు దాటిన వేడిలో పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది.

1894లో ఈ రెండు పేర్లూ ముందు పెట్టి ఏది నిజమని అడిగితే ఏం చెప్పేవాళ్లం? రెంటికీ సాక్ష్యం గీతే. పొగను చూసి నిప్పుందనడాన్ని మన తార్కికులు అనుమానం అన్నారు. ఇనుము అంతగా కాగితే వేరే రంగు పొగ విడుస్తుందని అప్పటికి ఎవరికి తెలుసు? ఆ ‘అనుమానం’ తెలుగులో సందేహానికి పేరెలా అయిందో గానీ, నాకు మాత్రం సబబుగానే ఉంది.

ఇప్పుడు ‘కనుగొన్నారు’ దగ్గర చెయ్యి ఆగుతుంది. చూసిందెవరు, ఊహించిందెవరు, సీసాలో పట్టిందెవరు అని విడదీస్తాను. వాక్యం పొడుగవుతుంది. డెస్కు వాళ్లు కత్తిరించి మళ్లీ ‘కనుగొన్నారు’ అనే వేస్తారు. మాస్టారి కార్డు కోసం ఎదురుచూస్తాను.