చేతిలోని గ్రంథాలయము

విశ్వవిద్యాలయ విద్యార్థి కన్ను తెఱచినది మొదలు సెల్‌ఫోనును విడువకున్నాడని పెద్దలు నిందించుట పరిపాటియైనది. ఈ నింద సగము మాత్రమే న్యాయము. 2020లో మహమ్మారి వ్యాపించి కళాశాలలు మూతపడినప్పుడు, పాఠములను ఫోనులో వినుమని చెప్పినవారము మనమే. నేడు పాఠముల ప్రతులు వాట్సాప్‌లో వచ్చును; పరీక్షాఫలితములు ఫోనులోనే తెలియును; ఫలహారమునకు వెల చెల్లించుటయు దానితోడనే. అట్టి సాధనమును పారవేయుమనుట ఆచరణకు రాని యుపదేశము. దానివలన పఠనమున కేమి సంభవించుచున్నదో విచారించుట మేలు.

ఒక్క గ్రంథమును తీసికొని చూతము. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో మిక్కిలి పెంచి తిరిగి వ్రాయబడినది. ఆ నాటకము నేడు ఇంటర్నెట్టులో వెల లేకయే దొరకుచున్నది. పల్లెనుండి వచ్చిన పేద విద్యార్థికిని, చీకటిపడిన పిదప వసతిగృహము దాటరాని విద్యార్థినికిని ఇది గొప్ప మేలు. దీనిని ఒప్పుకొనని విమర్శకు విలువ లేదు.

కాని దొరకిన గ్రంథమును చదువువా రెందఱు? అదే ఫోనులో, కథను పది నిమిషములలో చెప్పివేయు యూట్యూబు ప్రసంగములు కలవు. 2022 చివర వెలువడిన చాట్‌జీపీటీ వంటి యంత్రములు అడిగినంతనే వ్యాసము వ్రాసి యిచ్చును. అగ్నిహోత్రావధానులు ధనాశచే చిన్నకూతురు సుబ్బిని ముదుసలి లుబ్ధావధానుల కీయ నిశ్చయించుట, కరటకశాస్త్రి శిష్యుడు ఆడువేషమున పెండ్లికూతురగుట, గిరీశము బుచ్చమ్మను లేవదీసికొనిపోవుట — ఇదియంతయు సారాంశమున చక్కగా నిమిడును. మార్కులును వచ్చును. నాటకము మాత్రము జారిపోవును.

ఏలయన, దాని ప్రాణము పాత్రల మాటలలో నున్నది. గిరీశము వితంతూద్వాహమును గూర్చి యుపన్యసించుచు, ఇంగ్లీషు మాటలు గుప్పించి, పరీక్ష తప్పిన వెంకటేశమును మెప్పించును. మనము మొదట నవ్వుదుము. పిదప ఆ మాటకారితనమునకు లోబడుదుము. తుదకు మన సంస్కారోపన్యాసములలో సైతము వాని గొంతు వినబడగా ఉలికిపడుదుము. వానితో కొన్ని గంటలు గడపిననే గాని ఆ యులికిపాటు కలుగదు. సారాంశము మొదటి పంక్తిలోనే ‘వీడు కపటి’ అని చెప్పివేయును. మోసపోవు నవకాశము లేనివానికి మేలుకొను నవకాశమును లేదు.

విన్న పేరులను విద్యగా చెలామణి చేయుట గిరీశము నేర్చిన విద్య. చదువని పుస్తకమును గూర్చి ధారాళముగ వ్రాయు విద్యార్థి, తా నెఱుగకయే, ఆతనికి శిష్యుడగుచున్నాడు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మన పూర్వులు విద్యకు మూడు మెట్లు చెప్పిరి. ఫోను శ్రవణమును సమృద్ధిగా నిచ్చుచున్నది. మాటిమాటికి మ్రోగుచు, మననమునకు వలసిన యెడమును హరించుచున్నది.

అధ్యాపకులు కథ నడుగుట మాని, విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టి, ఒక్క సంభాషణమును చదివించి అందలి వ్యంగ్యము నడుగవలెను. గృహస్థులు రాత్రి భోజనానంతరము ఒక్క గంట తమ ఫోనులను ముందుగా ప్రక్కన బెట్టి, పిల్లలతో కూడి ఒక రంగమును బిగ్గరగ చదువవలెను. చదువు ప్రతి పిల్లవాని ఫోనులోనిదే యైనను దోషము లేదు. తండ్రి చేతిలోని ఫోను మ్రోగుచుండగా కుమారునికి చేయు హితబోధ మాత్రము ఫలింపదు.