గులాబీ రంగు ఎంతవరకు చెబుతుంది

ఆరు నెలల కిందట ఓపీకి ఒక లారీ క్లీనర్ కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లు దాటి ఉండవు. ‘నోరు బాగా తెరువు నాన్నా’ అంటే రెండు వేళ్లే పట్టాయి, అదీ కష్టంగా. మామూలుగా ఎవరి నోట్లో వారి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. స్కేలు పెడితే పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య 22 మి.మీ. బుగ్గ లోపల చూపుడువేలితో తడిమాను. మెత్తగా ఉండాల్సిన పొర కింద తాళ్లలా పట్టీలు తగిలాయి. ‘చారన్నం కూడా మంటే మేడమ్’ అన్నాడు. చొక్కా జేబులోంచి గుట్కా ప్యాకెట్టు కొస కనబడుతోంది.

దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. ఇది క్యాన్సర్ కాదు, కానీ దాని గుమ్మం దాకా తీసుకెళ్లగలదు. కేరళలోని ఎర్నాకుళంలో ఇలాంటి 66 మందిని ఏళ్ల తరబడి, 17 ఏళ్ల దాకా గమనిస్తే ఐదుగురికి నోటి క్యాన్సర్ వచ్చింది. ఆ ఐదుగురు ఎవరవుతారో ముందే తెలిస్తే ఎంత బాగుండు! పీజీలో నా థీసిస్ అంతా ఆ ఆశతోనే నడిచింది.

వక్కకు సున్నం తగలగానే అందులోని వగరు పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడతాయి. ఆ మార్పులోనే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. అవి కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను తింటాయి. డబ్బాలో నూనె కనరు కొట్టడం లాంటిదే ఇది. అక్కడ మిగిలే మాలోన్‌డైఆల్డిహైడ్‌ను మేం లాలాజలంలో కొలుస్తాం. ఉమ్మిలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి మరిగే నీళ్లలో పెడితే ట్యూబు మెల్లగా గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కబడితే దెబ్బ అంత ఎక్కువ. 532 నానోమీటర్ల కాంతి దగ్గర యంత్రం దాన్ని అంకెలోకి మారుస్తుంది. నూనెలు, మాంసం ఎంత కనరెక్కాయో చూడటానికి ఆహార పరీక్షల్లోనూ ఇదే ఆమ్లం వాడతారు. మొదటిసారి ఆ రంగు నా చేతిలో పుట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఒకరోజు అన్నిటికంటే చిక్కటి గులాబీ వచ్చిన ట్యూబు ఎవరిదా అని చూస్తే, నోట్లో ఏ మచ్చా లేని మనిషిది. ఆయనకు చిగుళ్ల నుంచి చీము కారుతోంది, షుగరూ ఉంది. అవీ ఆ అంకెను పెంచుతాయి. లేత రంగు వచ్చిన ఒకామె నాలుక పక్కన తెల్లమచ్చ ఉంది. బయాప్సీలో కణాలు అప్పటికే గతి తప్పి ఉన్నాయి. రంగును నమ్మి ఆమెను ఇంటికి పంపేసి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

గుంపుగా చూస్తే తేడా స్పష్టంగానే ఉంటుంది: పూర్వక్యాన్సర్ దశలో ఉన్నవాళ్లలో మాలోన్‌డైఆల్డిహైడ్ పెరుగుతుంది, దాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్ తగ్గుతుంది. ఒక్క మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం ఆ అంకె తీర్పు చెప్పదు. అందుకే మా పీజీ పిల్లలకు ముందు వేలితో తడమడం నేర్పిస్తాను, ట్యూబు తర్వాత. మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని. వాళ్ల అంగిలి మీద ఆ వేడి, పొగ ఏం చేస్తున్నాయో పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం 1971లో ప్రచురించింది. పల్లెల్లో 10,169 మందిని చూశారు. చూడటమే అక్కడ అసలు పని.

మా కుర్రాడి ట్యూబూ గులాబీ రంగుకు తిరిగింది. దాన్ని అతనికే చూపించాను. బయాప్సీలో గతి తప్పిన కణాలు కనబడలేదు. వక్క, గుట్కా మానేయమన్నాను. నోటి వ్యాయామాలు నేర్పాను, మందులు రాశాను. పట్టీలు పూర్తిగా కరగవని కూడా చెప్పాను, దాచలేదు.

మొన్న మంగళవారం మళ్లీ వచ్చాడు. జేబు ఖాళీగా ఉంది. స్కేలు పెడితే 24. ‘అమ్మ చేసిన చారు పోసుకుని తిన్నాను మేడమ్, కళ్లలో నీళ్లు రాలేదు’ అన్నాడు. మూడు నెలల తర్వాతి తేదీ చీటీ మీద రాసిచ్చి, బుగ్గ లోపల ఇంకోసారి తడిమాను.